ఫిగ్మా, పెన్‌పాట్, స్కెచ్, యాక్స్యూర్, కాగితం: తెలుగు యాప్ నమూనాకు ఏది తగినది?

కోడు రాయడానికి ముందే యాప్ తెరలను గీసి, వాటిని ఒకదానితో ఒకటి కలిపి, వేలితో నొక్కితే ముందుకు కదిలే నమూనాను తయారు చేసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ప్రతి చిన్న బృందానికీ అందుబాటులో ఉన్నాయి. వాటిలో ఏది మంచిదని అడిగిన వారికి సాధారణంగా దొరికే జవాబు సదుపాయాల పట్టిక. ఒక్కొక్క వరుసలో ఒక్కొక్క సదుపాయం, పక్కన ఉందని ఒక గుర్తు, లేదని మరొక గుర్తు. ఆ పట్టిక చదివి తీసుకున్న నిర్ణయాన్ని మా బృందం రెండు సార్లు మార్చుకోవలసి వచ్చింది. అందువల్ల ఈ పోలికను వేరే చోట మొదలుపెడతాను: ఈ నమూనాతో మనం తీర్చుకోదలచిన సందేహం ఏమిటి, దాన్ని చివరికి ఎవరి చేతిలో పెట్టబోతున్నాం అనే రెండు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే, ఎంపిక చాలావరకు దానంతట అదే తేలుతుంది.

మాటలు గాలిలో తేలకుండా ఒక ఉదాహరణను పట్టుకుందాం. పల్లెలో ఒక పాల సేకరణ కేంద్రం ఉంది. ఉదయం, సాయంత్రం రైతులు పాలు తెచ్చి పోస్తారు. కేంద్రం కార్యదర్శి ఎన్ని లీటర్లో చూసి, వెన్న శాతాన్నీ ఎస్‌ఎన్‌ఎఫ్‌నూ (పాలలో వెన్న కాని ఘన పదార్థాల శాతాన్నీ) పరీక్షించి, పుస్తకంలో రాసి, ధర కట్టి, విడతలవారీగా బిల్లు ఇస్తాడు. ఆ పుస్తకం స్థానంలో తెలుగులో పనిచేసే ఒక ఫోన్ యాప్ కావాలి. తెరలు పదిహేనుకు మించవు. వాడేవారు డిజైనర్లు కారు, ఇంగ్లీషులో మెనూలు చదివే అలవాటు ఉన్నవారూ కారు.

సాఫ్ట్‌వేర్ వల్ల నిజంగా కలిసివచ్చేది

ఇటువంటి పనిని కాగితం మీద కూడా మొదలుపెట్టవచ్చు, మొదలుపెట్టాలి కూడా. అయితే మూడో రోజుకే కాగితం ఇబ్బంది పెట్టడం మొదలవుతుంది. పైనున్న శీర్షిక పట్టీలో కేంద్రం పేరుతో పాటు పూట కూడా కనిపించాలని తేలితే, పదిహేను కాగితాలనూ మళ్లీ గీయాలి. ఫిగ్మా వంటి సాఫ్ట్‌వేర్‌లో ఆ పట్టీని ఒక కాంపొనెంట్‌గా చేసి ఉంటే, మూల పట్టీని ఒక్కచోట మార్చినప్పుడు దాని ప్రతులన్నీ మారతాయి. ఫిగ్మాలో 2019 డిసెంబరులో వచ్చిన ఆటో లేఅవుట్ వల్ల బటన్ లోపలి మాట పెరిగినకొద్దీ బటన్ కూడా పెరుగుతుంది, కింద ఉన్నవి తమంతట తాము జరుగుతాయి. ఇంగ్లీషు తెరకు ఇది సౌకర్యం మాత్రమే. తెలుగు తెరకు ఇది లేనిదే పని సాగదు, కారణం తరువాత చెబుతాను.

రెండో లాభం, నమూనాను చేతిలో పెట్టగలగడం. ఒక లింకు పంపితే చాలు, ఎదుటివారు తమ ఫోన్‌లోనే తెరలను నొక్కి చూస్తారు. మనం పక్కన కూర్చుని వారు ఎక్కడ ఆగుతున్నారో గమనిస్తాం. వినియోగ సౌలభ్య రంగంలో పేరున్న జేకబ్ నీల్సన్, ఒక విడతకు ఐదుగురితో పరీక్షిస్తే లోపాల్లో ఎక్కువ భాగం బయటపడతాయని 2000లో వాదించారు. ఆ లెక్క అన్ని సందర్భాలకూ వర్తించదని విమర్శలు ఉన్నాయి, కానీ ఎవరికీ చూపించకుండా కోడు రాయడం కంటే ఐదుగురికి చూపించడం మేలన్న విషయంలో ఎవరికీ అభ్యంతరం లేదు. కోడు రాసిన తరువాత ఒక తెరను తీసివేయాలంటే దాన్ని రాసినవాడి మనసు కూడా ఒప్పుకోవాలి; నమూనాలో అయితే డిలీట్ నొక్కితే సరిపోతుంది.

మూడోది డెవలపర్‌కు కలిగే సౌకర్యం. రంగు, అంచు కొలత, అక్షర పరిమాణం ఎంతో అడగకుండా డిజైన్ ఫైలు నుంచే చదువుకోగలడు. ఫిగ్మా 2023లో ఇందుకోసమే డెవ్ మోడ్ అనే విభాగాన్ని తెచ్చింది. తరువాత దానికి చెల్లింపు కూడా పెట్టింది, ఆ సంగతి లెక్కలో ఉంచుకోవాలి.

నష్టాలు: మెరుపు ముందు, పని వెనుక

ఈ సాఫ్ట్‌వేర్ల అతి పెద్ద లోపం వాటి అతి పెద్ద గుణంలోనే ఉంది. రెండో రోజుకే తెర పూర్తయినట్లు కనిపిస్తుంది. ఒకసారి మేము కదిలే నమూనాను యాప్ చేయించుకుంటున్న ఒక క్లయింటుకు చూపించినప్పుడు, ఆయన నాలుగు తెరలు నొక్కి చూసి, ‘ఇంకేముందండీ, వచ్చే సోమవారం ప్లే స్టోర్‌లో పెట్టేద్దాం’ అన్నారు. అప్పటికి సర్వరు లేదు, లెక్క కట్టే సూత్రం లేదు, ఒక్క వరుస కోడు కూడా లేదు. ఆ అపోహను సరిచేయడానికి పట్టిన సమయం నమూనా తయారీకి పట్టిన సమయం కంటే ఎక్కువ. ఆయన తప్పేమీ లేదు. రంగులు వేసి, నీడలు దిద్ది, నిజమైన యాప్ లాగా ముస్తాబు చేసి చూపించింది మేమే.

దీనికి జోడుగా మరొకటి ఉంది. ముస్తాబైన తెరను చూసినవారు ముస్తాబు గురించే మాట్లాడతారు. కార్యదర్శికి ఉదయం నమోదు ముగిశాక తప్పు దిద్దుకొనే దారి లేదన్న విషయం ఎవరికీ తట్టదు. ఆకుపచ్చ కొంచెం ముదురుగా ఉండాలా అన్న చర్చ గంటసేపు నడుస్తుంది. చేతితో గీసినట్లు కనిపించే తెరలను ఇచ్చే బాల్సమిక్ 2008 నుంచీ నిలిచి ఉండడానికి కారణం ఇదే. దాని గీతలు వంకరగా ఉంటాయి, కాబట్టి రంగు గురించి అడగాలని ఎవరికీ అనిపించదు.

ఇక నమూనా దాచిపెట్టేవి. నమూనాలో ఇంటర్నెట్ ఎప్పుడూ తెగదు, సభ్యుల జాబితాలో ఆరు పేర్లే ఉంటాయి, ఆ ఆరూ పొట్టివే, ఎవరూ తప్పు అంకె కొట్టరు. నిజమైన కేంద్రంలో నూటయాభై మంది సభ్యులు ఉండవచ్చు, ఒకే పేరు గలవారు నలుగురు ఉండవచ్చు, సిగ్నల్ లేని పూట పాలు ఆగవు. ఖాళీ జాబితా ఎలా ఉంటుంది, పంపడం విఫలమైతే ఏ మాట కనిపిస్తుంది అనే తెరలను డిజైనర్ పనిగట్టుకొని గీస్తే తప్ప సాఫ్ట్‌వేర్ వాటిని గుర్తు చేయదు. ఆరు నెలలు గడిచాక ఇంకొక సమస్య వస్తుంది: యాప్‌లో మార్పులు జరిగిపోతాయి, డిజైన్ ఫైలు పాత రూపంలోనే ఉండిపోతుంది, ఏది అసలైనదో కొత్తగా చేరినవారికి అర్థం కాదు.

ఫైలు ఎవరిది?

ఈ రంగంలో పనిముట్ల ఆయుష్షు తక్కువ. వెబ్ తెరలు గీయడానికి ఒకప్పుడు చాలామంది వాడిన ఫైర్‌వర్క్స్‌ను ఇక అభివృద్ధి చేయబోమని అడోబ్ 2013లో ప్రకటించింది. అదే సంస్థ ఎక్స్‌డీ అనే నమూనా సాఫ్ట్‌వేర్‌ను తెచ్చి, 2023లో విడిగా అమ్మడం మానేసి, నిర్వహణకే పరిమితం చేసింది. నమూనాలను పంచుకోవడంలో కొన్నేళ్లపాటు ముందున్న ఇన్‌విజన్ 2024 డిసెంబరు 31తో తన డిజైన్ సేవలను మూసివేసింది. ఫిగ్మాను 2,000 కోట్ల డాలర్లకు కొంటామని అడోబ్ 2022 సెప్టెంబరులో ప్రకటించగా, ఐరోపా, బ్రిటన్ నియంత్రణ సంస్థల అభ్యంతరాల మధ్య 2023 డిసెంబరులో ఆ ఒప్పందం రద్దయింది; ఫిగ్మా 2025 జులైలో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైంది. ఒప్పందం తేలని ఆ పదిహేను నెలల పాటు ఫిగ్మా మీద ఆధారపడిన బృందాలు ధరలు ఏమవుతాయో, ఫైళ్లు ఏమవుతాయో అని ఎదురుచూడడం తప్ప చేయగలిగింది లేకపోయింది.

అందుచేత ఎంపికకు ముందు అడగవలసిన ప్రశ్న: ఈ సంస్థ రేపు తలుపులు మూస్తే నా దగ్గర ఏమి మిగులుతుంది? ఫిగ్మా ఫైలును మన కంప్యూటర్‌లోకి దించుకోవచ్చు, కానీ అది ఫిగ్మాకే చెందిన రూపం. వ్యాఖ్యలూ పాత ప్రతుల చరిత్రా దానితో రావు. స్కెచ్ ఫైలు మన మ్యాక్‌లోనే ఉంటుంది, 2017 నుంచి దాని లోపలి నిర్మాణాన్ని ఇతర ప్రోగ్రాములు కూడా చదవగలిగేలా బహిరంగంగా ఉంచారు. పెన్‌పాట్ గీతలకు మూలం ఎస్‌వీజీ, అంటే ఏ బ్రౌజరైనా చదవగల బొమ్మల ప్రమాణం.

ఒక్కొక్కదాని తీరు

ఫిగ్మాను డిలన్ ఫీల్డ్, ఇవాన్ వాలెస్ 2012లో మొదలుపెట్టారు. 2016లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. బ్రౌజర్‌లో నడవడం దాని మలుపు. విండోస్, మ్యాక్, లినక్స్ ఏదైనా సరే, ఒకే ఫైలులో ఇద్దరు ముగ్గురు ఒకేసారి పనిచేయవచ్చు. నేర్చుకోవడానికి పాఠాలకు కొదవ లేదు. హైదరాబాదులోనో బెంగళూరులోనో డిజైన్ ఉద్యోగ ప్రకటన చూస్తే మొదట కనిపించే పేరు అదే. విద్యార్థులకూ అధ్యాపకులకూ ధ్రువీకరణ తరువాత ఉచితం. మిగతావారికి ఉచిత ప్లాన్ ఉంది, కానీ బృందంగా పంచుకొనే డిజైన్ ఫైళ్ల సంఖ్య మూడుకే పరిమితం. ఆ గీత దాటితే సీటుకు, అంటే ఒక్కొక్క వాడుకరికి, ఇంతని నెలనెలా చెల్లించాలి, సీట్లలో కూడా పూర్తి సీటు, డెవలపర్ సీటు అంటూ రకాలు ఉన్నాయి; ఎవరికి ఏ సీటు ఇచ్చామో చూసుకొనే మనిషి లేకపోతే బిల్లు తెలియకుండా పెరుగుతుంది. తక్కువ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో బొమ్మలు నిండిన పెద్ద ఫైలును తెరిస్తే బ్రౌజర్ ఊపిరి తీసుకోవడానికి కష్టపడుతుంది. ఇంటర్నెట్ పోతే అప్పటికే తెరిచి ఉన్న ఫైలులో కొంతసేపు పని చేసుకోవచ్చు, ముందుగా తెరవని ఫైలు మీద మాత్రం ఆశ పెట్టుకోలేం.

పెన్‌పాట్ స్పెయిన్‌కు చెందిన కలైడోస్ సంస్థ తయారుచేసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, అంటే దాని కోడు అందరికీ బహిరంగం. దాని వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి వాడుకోవచ్చు, లేదా ప్రోగ్రాములను సర్వరులో సులువుగా నెలకొల్పే డాకర్ అనే పనిముట్టు సాయంతో మన సొంత సర్వరులోనే పెట్టుకోవచ్చు. ప్రభుత్వ శాఖలు, సహకార బ్యాంకులు, బయటి క్లౌడ్‌లో పత్రాలు ఉంచకూడదన్న నియమం గల సంస్థలు దీన్ని మొదట పరిశీలించాలి. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 2.0 వెర్షన్‌తో వెబ్ పేజీలను అడ్డం నిలువు గడులుగా అమర్చే సీఎస్ఎస్ గ్రిడ్ పద్ధతిలోనే తెరలను అమర్చే వీలు కలిగింది. డిజైనర్ గీసినదీ డెవలపర్ రాసేదీ ఒకే భాషలో ఉండడం చిన్న విషయం కాదు. బలహీనతలు కూడా చెప్పాలి. ప్లగిన్లు (అదనపు పనుల కోసం జోడించుకొనే చిన్న ప్రోగ్రాములు), సిద్ధంగా దొరికే కాంపొనెంట్ల సంపుటాలు ఫిగ్మాతో పోలిస్తే బాగా తక్కువ, పెద్ద ఫైళ్లలో నెమ్మదిస్తుంది. సొంత సర్వరు అంటే బ్యాకప్, అప్‌డేట్ల బాధ్యత కూడా సొంతమే. ఆ పని చూసే మనిషి లేని చోట సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ నిర్వహణ ఉచితం కాదు.

స్కెచ్ గురించి త్వరగా ముగించవచ్చు. 2010లో వచ్చింది, చక్కగా పనిచేస్తుంది, ఇంటర్నెట్ లేకున్నా నడుస్తుంది, మ్యాక్‌లో మాత్రమే గీయగలం. బృందంలో ఒక్కరి దగ్గర విండోస్ ల్యాప్‌టాప్ ఉన్నా ఆ ఒక్కరు బ్రౌజర్‌లో చూడగలరు గానీ గీయలేరు. మన ఇంజినీరింగ్ విద్యార్థుల్లో, చిన్న కంపెనీల్లో మ్యాక్‌లు ఎన్ని ఉంటాయో అందరికీ తెలుసు.

యాక్స్యూర్ వేరే జాతి. అది అందానికి కాక నియమాలకు పుట్టింది. ‘వెన్న శాతం ఇంత కంటే తక్కువైతే ఈ హెచ్చరిక చూపు’ వంటి షరతులను, విలువలను గుర్తుంచుకొనే చరరాశులను, నిజంగా టైపు చేయగల గడులను, వడపోసి చూడగల పట్టికలను కోడు లేకుండా అమర్చవచ్చు. దరఖాస్తు ఫారాలు, బీమా, పన్ను లెక్కల వంటి చోట్ల దీనికి సాటి తక్కువ. నేర్చుకోవడానికి వారాలు పడుతుంది, చందా కూడా తేలిక కాదు, ఫోన్ యాప్ తెరలకు కావలసిన నాజూకు దానిలో కష్టపడి తెచ్చుకోవాలి. కొరియాలో పుట్టిన ప్రోటోపై కూడా నిజమైన టైపింగును, ఫోన్ సెన్సర్లను నమూనాలోకి తెస్తుంది. కదలికలే ప్రాణమైన యాప్‌లకు అది తగును. ఫ్రేమర్ ఒకప్పుడు ఈ వరుసలోనే ఉండేది గానీ ఇప్పుడు వెబ్‌సైట్లు కట్టే వైపు మళ్లింది.

మాటలతో అడిగితే పనిచేసే నమూనాను కోడుతో సహా తయారుచేసే ఫిగ్మా మేక్ వంటివి 2025 నుంచి వచ్చాయి. వాటి వేగం ఆశ్చర్యం కలిగిస్తుంది. అవి రాసే తెలుగు మాత్రం మళ్లీ మళ్లీ దిద్దుకోవాలి. పైగా ముస్తాబు ముందొచ్చే జబ్బు వీటిలో ఇంకా ముదిరింది.

తెలుగు తెర తెచ్చే పరీక్షలు

పోలికల్లో సాధారణంగా ఎవరూ ప్రస్తావించని భాగం ఇదే, మనకు అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. ఇంగ్లీషు మాటలతో నమూనా గీసి, చివర తెలుగులోకి మార్చుకుందామనుకొనే బృందాలు చివరి వారంలో తెరలన్నీ తిరిగి గీస్తాయి. ‘సేవ్’ అన్న చోట ‘భద్రపరచండి’ రావాలి, ‘సబ్మిట్’ అన్న చోట ‘సమర్పించండి’ రావాలి. ‘వెంకటలక్ష్మీనరసమ్మ’ అన్న పేరు ఖాళీ లేని ఒకే మాట, దాన్ని విరవడానికి సాఫ్ట్‌వేర్‌కు చోటు దొరకదు. అందుకే ఆటో లేఅవుట్ లేని సాఫ్ట్‌వేర్‌ను తెలుగు పనికి నేను సిఫారసు చేయను. మొదటి తెర నుంచే నిజమైన తెలుగు మాటలు, వాటిలో కూడా పొడవైనవే వేయాలి.

రెండోది అక్షరం ఎత్తు. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు సరిపోదు. పైన గుడి, కింద వత్తు, ఆ వత్తు కింద మరో వత్తు. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ అన్న మాటలను రెండు వరుసల్లో పేర్చి చూస్తే పై వరుస వత్తులు కింది వరుస గుళ్లను తాకుతాయి, లేదా బటన్ అంచు దగ్గర తెగిపోతాయి. అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్ల ఎడం నుంచి మొదలుపెట్టి, ఫాంటును బట్టి పెంచుకోవడం క్షేమం. ఒకే పరిమాణం పెట్టినా మండలి ఫాంటులో ఒక తీరుగా, రామభద్రలో మరొక తీరుగా కనిపిస్తుంది. డిజైనర్ ఫాంటు ఎంచుకోకుండా వదిలేస్తే, కంప్యూటర్ తనకు తోచిన తెలుగు ఫాంటును చూపిస్తుంది: విండోస్‌లో నిర్మలా, ఐఫోన్‌లో కోహినూర్, ఆండ్రాయిడ్‌లో చాలావరకు నోటో. మ్యాక్‌లో ఆమోదించిన తెర రైతు చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేరుగా కనిపించడానికి కారణం ఇదే. కరపత్రాల నుంచి, పత్రికా కార్యాలయాల నుంచి వచ్చే మాటలు అను ఫాంట్లలో ఉంటే, అవి అన్ని పరికరాలూ గుర్తించే యూనికోడ్ ప్రమాణంలో ఉండవు కాబట్టి ఈ సాఫ్ట్‌వేర్లు దేనిలోనైనా అతికించగానే అర్థం లేని గుర్తులుగా మారతాయి; ముందుగా మార్చుకోవాలి.

మూడోది టైపింగు, ఇక్కడే ఎంపిక నిజంగా తేలుతుంది. ఫిగ్మాలో తెరలను లంకె వేసి తయారుచేసే మామూలు నమూనాలో గడి మీద నొక్కితే కీబోర్డు బొమ్మ వస్తుంది, కీబోర్డు రాదు. తెలుగు వాడుకరి ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెచ్చుకుంటాడా, తెలుగు కీబోర్డు వాడతాడా, మైకు నొక్కి చెబుతాడా, ఇవేవీ చేయలేక పక్కవాడికి ఫోన్ ఇస్తాడా అన్న సందేహాలకు బొమ్మ కీబోర్డు జవాబివ్వదు. వాటి కోసం యాక్స్యూర్, ప్రోటోపై వంటి వాటికి గానీ, మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీకి గానీ వెళ్లక తప్పదు.

ఎవరికి ఏది

నేర్చుకొనే దశలో ఉన్న విద్యార్థి ఫిగ్మాతో మొదలుపెట్టడమే సబబు. ఇద్దరు ముగ్గురు ఉన్న కొత్త బృందానికి కూడా నా సలహా అదే, అయితే మొదటి రెండు రోజులు కాగితం మీదే పని చేసి, ఆపైన ఉచిత ప్లాన్‌లో సర్దుకొని, నెలకొకసారి ఫైలు ప్రతిని దించుకొని, ముఖ్యమైన తెరలను పీడీఎఫ్‌గానూ ఎస్‌వీజీగానూ విడిగా దాచుకోవాలి. పత్రాలు బయటికి పోకూడని సంస్థలకు సర్వరు చూసే మనిషి ఉంటే పెన్‌పాట్. తెరల కంటే షరతులు ఎక్కువైన పనికి యాక్స్యూర్. అందరి దగ్గరా మ్యాక్‌లు ఉండి, ఇప్పటికే స్కెచ్ అలవాటైన బృందం ఫ్యాషన్ కోసం మారవలసిన పని లేదు. ఒకటి రెండు తెరలే ఉండి, వాటిని రాయగల డెవలపర్ పక్కనే ఉంటే, ఈ సాఫ్ట్‌వేర్లు ఏవీ అవసరం లేదు. నేరుగా కోడే నమూనా.

ఒకే సాఫ్ట్‌వేర్‌తో అంతా ముగించాలన్న పట్టుదల కూడా అక్కర్లేదు. పాల కేంద్రం పనిలో మేము చేసింది అదే. తెరల వరుసను కేంద్రం గడప మీద కూర్చుని కార్యదర్శితో కలిసి కాగితం మీద గీశాం. బిల్లు, సభ్యుల జాబితా, ధరల పట్టికలను ఫిగ్మాలో తెలుగు మాటలతో, కావాలనే ఒకే రంగులో తయారుచేసి చూపించాం. నమోదు తెర ఒక్కదాన్ని మాత్రం మామూలు వెబ్ పేజీగా రాసి, తెల్లవారుజామున పాలు పోసే వేళ ఆయన ఫోన్‌లోనే తెరిచి ఇచ్చాం. ఫిగ్మా నమూనాలో ఆ తెర మీద అప్పటికే రాసి ఉన్న 6.5 అన్న వెన్న శాతాన్ని ఆయన పది సార్లు చూసి బాగుందన్నారు. నిజంగా కొట్టవలసి వచ్చినప్పుడు తడి వేలితో 65 కొట్టి ముందుకు వెళ్లిపోయారు. పుస్తకంలో కూడా తాను చుక్క పెట్టనని, అది అందరికీ తెలిసిందేనని చెప్పారు. ఆ సాయంత్రానికి గడిని మార్చి, చుక్క తనంతట తానే పడేలా రాశాం.